పక్క రాజ్యంలో జనం తిరగబడితే

1947 ఆగస్టు 15న చేగుంట భారతదేశంలో లేదు. నలభై నాలుగో నంబరు హైవే మీద నిజామాబాద్ వైపు పోతూ ఇక్కడ చాయ్ తాగేవాళ్లకు ఈ మాట వింతగా తోచవచ్చు. కానీ ఆ రోజున ఇక్కడ చెల్లిన రూపాయి హాలీ సిక్కా. వడియారం మీదుగా పోయిన మీటర్ గేజి రైలు నిజాం స్టేట్ రైల్వేది. ఉత్తరం మీద అంటించిన తపాలా బిళ్ల నిజాం సర్కారుది. సరుకు సరిహద్దు దాటాలంటే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. ఢిల్లీలో జెండా ఎగిరిన రోజు హైదరాబాద్ సంస్థానం ఎవరిలోనూ కలవని రాజ్యం. ఈ స్థితి పదమూడు నెలలు సాగింది. ఆ పదమూడు నెలల్లో ఇక్కడి జనం తమ పాలకుడి మీద తిరగబడ్డారు. పొరుగున ఉన్న భారత యూనియన్ ఏం చేయాలా అని తర్జనభర్జన పడింది. లండన్, కరాచీ తలా ఒక చేయి వేశాయి. చివరికి పంచాయితీ ప్యారిస్‌లో కూర్చున్న భద్రతా మండలి దాకా పోయింది.

ఒక దేశంలో ప్రజలు తమ హక్కుల కోసం లేచినప్పుడు బయటి ప్రభుత్వాలు ఎట్లా నడుచుకోవాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు లిబియాను, మయన్మార్‌ను, బంగ్లాదేశ్‌ను ముందు పెడతాయి. మన సొంత అనుభవం మాత్రం ప్రతి సెప్టెంబర్ 17న విమోచనమా, విలీనమా, సమైక్యతా అన్న రచ్చలోనే తెల్లారిపోతుంది. పేరు ఏదైనా పెట్టుకోండి. బయటి రాజ్యానికి సాధ్యమయ్యే పనులన్నీ, అంటే ఒప్పందం, ఆశ్రయం, దిగ్బంధం, ఆయుధాలు, ఐక్యరాజ్య సమితి, సైన్యం, ఆ తర్వాతి పాలన, అన్నీ ఒకే చోట, ఒకే కాలంలో జరిగిన ఉదాహరణలు లోకంలో బహుశా చాలా తక్కువ. అందులో మనదొకటి.

ఢిల్లీని పరాయి రాజ్యం అనడమేమిటని కొందరికి కోపం రావచ్చు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే భాష, ఒకే చుట్టరికాలు, నిజమే. అయితే 1947 జూన్‌లోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా తీశాడు, బ్రిటిష్ వాళ్లు పోగానే తాను స్వతంత్ర పాలకుడినని. నవంబరులో భారత ప్రభుత్వం అతనితో రాజ్యానికి రాజ్యం అన్న తీరులోనే సంతకాలు చేసింది. కనుక చట్టం లెక్కలో పరాయిదే.

తిరుగుబాటు అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930 మార్చిలో మన పాత మెదక్ జిల్లా జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. గ్రంథాలయాలు, బడులు, వెట్టిచాకిరీ రద్దు, ఇట్లాంటి ఎవరూ కాదనలేని కోరికలతో మొదలైన సభ అది. 1938లో స్టేట్ కాంగ్రెస్ పూర్తిగా రూపుదిద్దుకోకముందే నిషేధానికి గురైంది. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ పగ్గాలు కమ్యూనిస్టుల చేతికి వచ్చాయి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. మరుసటి ఏడు ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ భారత యూనియన్‌లో చేరాలంటూ సత్యాగ్రహం మొదలుపెట్టింది. ఆగస్టు 15న ఆయనను జైల్లో వేశారు. సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పాలకుడు ఒకడే అయినా ఎదిరించేవాళ్లు రెండు పాయలు. ఒక పాయకు విలీనం కావాలి, రెండో పాయకు భూమి కావాలి. రెంటికీ బాధ్యతగల ప్రభుత్వం కావాలి. బయటివాళ్ల ప్రవర్తన మొత్తం ఈ రెండు పాయలను వాళ్లు ఎట్లా చూశారన్న దాన్నిబట్టే తేలింది.

ఢిల్లీ ఇచ్చిన మొదటి జవాబు ఒప్పందం. 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. చిన్న పత్రం, ఐదు అధికరణాలు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రాకపోకల విషయాల్లో బ్రిటిష్ కాలపు ఏర్పాట్లే కొనసాగుతాయి. ఢిల్లీలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు ఏజెంట్లుగా ఉంటారు. పరమాధికారం ఎవరిదన్న మాట ఎత్తరు. తగాదా వస్తే మధ్యవర్తికి. గడువు ఏడాది. మొదటి అధికరణం కిందనే ఒక షరతు ఉంది: నిజాంకు లోపలి శాంతిభద్రతల కోసం సైన్యాన్ని పంపాల్సిన బాధ్యత గానీ, యుద్ధ కాలంలో తప్ప సంస్థానంలో సైన్యాన్ని ఉంచే హక్కు గానీ యూనియన్‌కు లేవు. కాగితం మీద ఇది జోక్యం చేసుకోకూడదన్న పద్ధతికి అద్దం పట్టినట్టే ఉంటుంది. ఊళ్లో దీని అర్థం వేరు. సికింద్రాబాద్‌లో ఉన్న భారత సైన్యం వెళ్లిపోయింది, నిజాం కోసం ఆయుధం పట్టిన రజాకార్లు మిగిలారు.

ఢిల్లీకి సాకులు లేకపోలేదు. పంజాబ్ శరణార్థులు లక్షల్లో రోడ్ల మీద ఉన్నారు, కాశ్మీర్‌లో యుద్ధం నడుస్తోంది, జునాగఢ్ తేలలేదు. ఏడాది వ్యవధి కొనుక్కోవడం అవసరమే అనుకున్నారు. ఆ అవసరం నాకు అర్థమవుతుంది, కానీ ఆ వ్యవధికి ధర కట్టింది ఎవరు? స్టేట్ కాంగ్రెస్ నాయకుడు సంతకాల తర్వాత బయటికి వచ్చినా కొన్ని వారాలకే మళ్లీ లోపలికి పోయాడు. రజాకార్ల నాయకుడు, లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మాటే సర్కారు మాట అయింది. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ యూనియన్‌లో చేరడమే మేలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో హతుడయ్యాడు. ముస్లింలంతా నిజాం వైపు, హిందువులంతా ఇటు వైపు అని తేలిగ్గా గీత గీసేవాళ్లు షోయబుల్లాను, మఖ్దూంను ఎక్కడ నిలబెడతారో చెప్పాలి. షోయబుల్లా చనిపోయిన వారం లోపే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు కలిసి విరుచుకుపడ్డాయి. అంతకుముందు దాడులను ఊరివాళ్లు బురుజు మీద కాపలా పెట్టి, నాటు తుపాకులతో తిప్పికొట్టారు. ఈసారి అవతలివాళ్లు ఫిరంగులు తెచ్చారు. వంద మంది దాకా ప్రాణాలు పోయాయి. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. చేగుంట నుంచి సిద్దిపేట దాటి తూర్పుకు పోతే చూడవచ్చు. ఒప్పందం గడువు అప్పటికింకా మూడు నెలలు మిగిలే ఉంది.

తిరుగుబాటు చేస్తున్న జనానికి తోడుండలేకపోతే మానె, వాళ్ల పాలకుడికి గడువు రాసివ్వడం మాత్రం తటస్థత కాదు. ఆ గడువు ఎప్పుడూ బలమున్నవాడి ఖాతాలోనే జమ అవుతుంది.

రెండో జవాబు ఆశ్రయం. ఇందులో ప్రభుత్వాల కన్నా మనుషులు ఎక్కువ మర్యాదగా నడిచారు. సరిహద్దు పొడుగునా, మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నేల మీద స్టేట్ కాంగ్రెస్ శిబిరాలు వెలిశాయి. పారిపోయి వచ్చినవాళ్లకు కృష్ణా జిల్లా ఊళ్లు అన్నం పెట్టాయి. నల్లగొండ నడిబొడ్డున ఉన్నా కృష్ణా జిల్లా కింద లెక్కకొచ్చే మునగాల పరగణా తలదాచుకునేవాళ్లకు తెరిచిన తలుపు అయింది. శిబిరాల నుంచి వెళ్లిన కార్యకర్తలు 1948 జనవరిలో నాందేడ్ దిక్కున ఉమ్రీ బ్యాంకును కొల్లగొట్టి ఆ సొమ్మును ఉద్యమానికి వాడారు. యూనియన్ అధికారులు చూసీచూడనట్టు ఊరుకున్నారు. అదే యూనియన్‌లో మద్రాసు పోలీసులు కమ్యూనిస్టుల కోసం బెజవాడ చుట్టుపక్కల ఊళ్లు జల్లెడ పట్టారు. ఒకే సరిహద్దు, ఒకే శత్రువు. ఒకరికి శిబిరం, ఒకరికి సంకెళ్లు. నిజాం సర్కారు కూడా తక్కువ తినలేదు, 1948 మేలో కమ్యూనిస్టు పార్టీ మీది నిషేధం ఎత్తేసి ఎదిరిపక్షాన్ని చీల్చాలని చూసింది.

ఇక దిగ్బంధం. యూనియన్ నుంచి వచ్చే సరుకుకు అడ్డం పడింది. పెట్రోలుకు, యంత్రాల విడిభాగాలకు, మందులకు కటకట ఏర్పడింది. నాలుగు వైపులా పొరుగు భూమే ఉన్న రాజ్యానికి ఇది ఉరితాడు లాంటిదే. నిజాం వంట గదికి దీని సెగ తగలలేదు. ఆంక్షల గురించి ఎక్కడ చదివినా ఇదే వరస, మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

పాలకుడి పక్షాన చేరినవాళ్ల చిట్టా వేరు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో తుపాకులు మోశాడు. బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో దించాడు. హైదరాబాద్ ఖజానా నుంచి పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో పోయింది. తన పాలన కింద ఉన్న రైతు వెట్టి చేస్తుండగా పొరుగు దేశానికి అప్పిచ్చిన దొర! లండన్‌లో చర్చిల్ పాత మిత్రుడిని విడిచిపెట్టారని కామన్స్ సభలో గోల పెట్టాడు, అట్లీ ప్రభుత్వం మాత్రం కదల్లేదు. తరతరాలుగా ఈ గద్దెను నిలబెట్టిన బ్రిటన్, దాని కింద నలిగిన జనానికి బాకీ పడిందన్న మాట ఆ చర్చలో ఎవరి నోటా పెద్దగా వినబడదు.

భద్రతా మండలి ఘట్టం నాకు అన్నిటికన్నా ఎక్కువ పాఠం చెబుతుంది. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబర్ 16న, అప్పటికే భారత సైన్యం నాలుగు రోజులుగా లోపలికి వస్తుండగా, ప్యారిస్‌లో దాన్ని చర్చకు తీసుకున్నారు. ఎనిమిది దేశాలు ఔనన్నాయి. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్ మాట్లాడాడు, భారత్ తరఫున రామస్వామి మొదలియార్. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమా కాదా, ఫిర్యాదు చేసే అర్హత ఉందా లేదా, వాదనంతా దీని చుట్టే తిరిగింది. కోటిన్నర పైచిలుకు జనం ఏం కోరుతున్నారో చెప్పడానికి ఆ గదిలో ఒక్క కుర్చీ కూడా లేదు. వారం తిరక్కముందే నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి కొట్టాడు. మరుసటి ఏడు పాకిస్తాన్ మళ్లీ లేవనెత్తినా తేలిందేమీ లేదు. గద్దె మీద ఉన్నవాడి మాటే దేశం మాట అనుకునే అలవాటు ఐక్యరాజ్య సమితిని ఇంకా వదల్లేదు.

సైన్యం సెప్టెంబర్ 13న కదిలింది, 17న నిజాం లొంగాడు, 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ అధికారికంగా అప్పగింత చేశాడు. పోలీసు చర్య అన్నారు. పోలీసులు ట్యాంకులతో రావడం వింతే, అయినా రజాకార్ల పీడ నుంచి బయటపడిన ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి, ఇది కాదనలేని నిజం. బైరాన్‌పల్లి తర్వాత కూడా సైన్యం రాకూడదని చెప్పగల ధైర్యం నాకు లేదు. చిక్కు ఆ ఐదు రోజుల్లో లేదు, తర్వాతి మూడున్నర ఏళ్లలో ఉంది.

మొదటి చిక్కు ప్రతీకారం. నెహ్రూ పంపిన సద్భావనా బృందం, పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా సంస్థానం తిరిగింది. చర్య సమయంలోనూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, తక్కువలో తక్కువ లెక్కగా రాసింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. రెండో వరసలో పేర్కొన్న జిల్లాలు ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్. ఈ నాలుగింటిలో కలిపి అయిదు వేలకు తక్కువ కాదని అంచనా. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు, రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్యులు. సైన్యంలో, పోలీసుల్లో కొందరు లూటీలో పాలు పంచుకున్నారనడానికి తిరుగులేని సాక్ష్యం దొరికిందనీ ఆ నివేదిక చెప్పింది. దాంట్లోనే ఇంకో సంగతి ఉంది. ముస్లిం పొరుగువాళ్లను ప్రాణాలొడ్డి కాపాడిన హిందువులను బృందం చాలా చోట్ల చూసింది. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఈ ఆప్యాయత మరీ గట్టిగా కనిపించిందట. హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డు నిలిచి, తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారట. ప్రభుత్వం ఈ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. దాచినందువల్ల చంపినవాళ్లే కాదు, కాపాడినవాళ్లు కూడా అనామకులైపోయారు.

రెండో చిక్కు, రెండో పాయ. భూమి పంచుకున్న రైతుల మీదికి అదే సైన్యం మళ్లింది. పారిపోయిన దేశ్‌ముఖులు గాంధీ టోపీలతో తిరిగొచ్చారని నల్లగొండ, వరంగల్ ఊళ్లలో చెప్పుకునేవారు. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు. 1951 అక్టోబరులో పార్టీ పోరాటం విరమించేదాకా సైనిక శిబిరాలు ఎత్తలేదు. ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ల కోసం వాదించడానికి డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ న్యాయవాది సముద్రం దాటి వచ్చాడు, వేరే దేశాల్లో సంతకాలు సేకరించారు, చివరికి ఉరి యావజ్జీవంగా మారింది. ఉస్మాన్ అలీ ఖాన్‌ను నిలబెట్టిన దేశం నుంచే తెలంగాణ రైతు కోసం ఒక వకీలు రావడం చూస్తే, బయటి ప్రభుత్వాలు చేయలేని పని బయటి మనుషులు చేయగలరనిపిస్తుంది.

మరి నిజాం? ఏ గద్దె మీద జనం తిరగబడ్డారో ఆ గద్దె మీది మనిషే 1950లో రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి, అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు, ఏడాదికి అరకోటి రాజభరణంతో. నిజాం ప్రధాని లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి పాకిస్తాన్‌కు జారుకున్నాడు. ఖాసిం రజ్వీ శిక్ష ముగించుకుని 1957లో అదే దారి పట్టాడు. భూమి అడిగిన నల్లా నరసింహులు అప్పటికీ జైల్లోనే ఉన్నాడు.

ఢిల్లీ చేసిన మంచి కూడా చెప్పాలి. 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది. అన్నిటికీ మించి, 1952లో వయోజన ఓటు. పీడీఎఫ్ పేరుతో నిలబడ్డ కమ్యూనిస్టులు నల్లగొండను ఊడ్చేశారు; రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. బూర్గుల రామకృష్ణారావు మొదటి ఎన్నికైన ముఖ్యమంత్రి అయ్యారు. తాను అణచాలని చూసిన పాయను కూడా బ్యాలెట్ పెట్టె దగ్గరికి రానివ్వడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క పనే లేకుంటే పోలీసు చర్య ఆక్రమణ కిందికే వచ్చేది.

అదే కాలంలో అదే ఢిల్లీ నేపాల్‌లో ఏం చేసిందో పక్కన పెట్టి చూడండి. 1950 నవంబరులో రాజు త్రిభువన్ కాఠ్మాండూలోని భారత రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు, నేపాలీ కాంగ్రెస్ సరిహద్దు నుంచి పోరాడింది. ఢిల్లీ నేపాల్‌ను ఏలుతున్న రాణాలను, రాజును, కాంగ్రెస్‌ను కూర్చోబెట్టి రాజీ కుదిర్చింది. సైన్యం పోలేదు, నెత్తురు తక్కువ పారింది. కానీ మొదటి ఎన్నికకు 1959 దాకా ఆగాల్సి వచ్చింది, మరుసటి ఏడే రాజు మహేంద్ర గెలిచిన బి.పి. కొయిరాలాను జైల్లో పెట్టాడు. రాజభవనంతో కుదిరిన రాజీకి ఎన్నిక తేదీ లేకపోతే ఇంతే. 1971 బంగ్లాదేశ్‌లో అట్లా కాలేదు. అక్కడ ఎన్నికలో గెలిచినవాళ్లు ముందే తేలి ఉన్నారు, మన సైన్యం కొన్ని నెలల్లోనే వెనక్కి వచ్చింది.

తర్వాత్తర్వాత ఢిల్లీకి ఈ చురుకు తగ్గింది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి మనవాళ్లు బతుకుదెరువుకు పోయిన బర్మాలో 1988లో విద్యార్థులు లేచినప్పుడు ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు వాళ్లకు ధైర్యమిచ్చాయి. కొన్నేళ్లకే సైనిక పాలకులతో చేయి కలిపాం. 2021 సైనిక కుట్ర తర్వాత ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో తీర్మానం వస్తే తటస్థంగా కూర్చున్నాం. 2011లో బహ్రెయిన్‌లో జనం ముత్యాల కూడలిలో చేరితే సౌదీ బలగాలు వంతెన దాటి వచ్చాయి, ఢిల్లీ ఆచితూచి మాట్లాడింది. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌లో కూలి చేసుకునేవాళ్ల క్షేమం చూసుకోవాలన్నది నిజమైన కారణమే, దాన్ని పిరికితనమని కొట్టిపారేయలేం. అదే ఏడాది లిబియాలో నాటో బాంబులు వేసి పాలకుణ్ని కూల్చింది, తర్వాతి రోజు సంగతి ఎవరూ చూడలేదు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ఢిల్లీకి పారిపోయి వచ్చినప్పుడు, ఢాకా వీధుల్లో లేచిన పిల్లలతో మనకు మాట్లాడే దారి కూడా లేదని తేలింది. ఒక్క ఇంటితోనే చుట్టరికం పెట్టుకున్న ఫలితం.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. పారిపోయి వచ్చినవాడికి జెండా రంగు అడక్కుండా అన్నం పెట్టాలి. తిరుగుబాటులో తనకు నచ్చిన పాయను వెనకేసుకొచ్చి నచ్చని పాయను అణిచే హక్కు ఏ పొరుగు దేశానికీ లేదు. పాలకుడికి తుపాకీ గానీ గడువు గానీ ఇవ్వకూడదు. సైన్యం పోక తప్పని రోజు వస్తే ఎన్నిక తేదీ ముందే చెప్పాలి, పోయిన ప్రాణాల లెక్క వెంటనే అచ్చు వేయాలి. హైదరాబాద్ విషయంలో ఢిల్లీ వీటిలో ఎన్నికను నెరవేర్చింది. తక్కినవాటిలో తప్పింది.

లెక్క బాకీ ఇంకా తీరలేదు. సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరుపుకున్నా సరే, సుందర్‌లాల్ బృందం నివేదికను తెలుగులో, ఉర్దూలో ప్రభుత్వమే అచ్చు వేయించి, మెదక్ జిల్లా గ్రంథాలయంతో మొదలుపెట్టి ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచాలి. రాష్ట్ర ప్రభుత్వం చేస్తుందా, కేంద్రం చేస్తుందా అన్నది వాళ్లు తేల్చుకోవచ్చు. మనం మాత్రం అడగాలి.